అంగడి ప్రైవేట్ లిమిటెడ్ అయ్యాక లెక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో మోటార్లు, పైపులు, హార్డ్‌వేర్, బట్టలు అమ్మే అంగళ్లకు లెక్కలు రాయడం నా పని. నాన్న పేరు మీదనో అన్నదమ్ముల భాగస్వామ్యంగానో నడిచిన అంగళ్లు ఒక్కొక్కటిగా ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలు అవుతున్నాయి. బోర్డు మారుతుంది, బిల్లు మీద పేరు మారుతుంది, లెక్క రాసే అలవాటు మాత్రం పాతదే సాగుతుంది. చిక్కంతా అక్కడే.

మన సీమలో డబ్బునే 'లెక్క' అంటాం. "లెక్క ఉందా?" అంటే డబ్బుందా అని. ఖాతా పుస్తకంలో రాసేదీ లెక్కే. మాట ఒకటే కావడంతో మనసులో కూడా రెండూ కలిసిపోయాయి. గల్లా నిండితే లాభం వచ్చిందనుకుంటాం, గల్లా ఖాళీ అయితే మునిగామనుకుంటాం. సరుకు కొని అమ్మే కంపెనీకి ఆ రెండూ వేర్వేరు. కింద రాసిన ప్రశ్నలన్నీ కౌంటర్ దగ్గర నన్ను పదేపదే అడిగినవి.

కంపెనీ మాదే కదా, గల్లాలోంచి ఇంటి ఖర్చుకు తీసుకుంటే ఏమవుతుంది?

కంపెనీ రిజిస్టర్ అయిన రోజు నుంచి అది చట్టం కళ్ళకు వేరే మనిషి. మీరు దాని వాటాదారు, దాని డైరెక్టర్. గల్లాలో ఉన్న ప్రతి రూపాయీ ఆ మనిషిది. సొంత అంగడి రోజుల్లో తీసుకున్న డబ్బును 'సొంతవాడకాలు' అని రాసి మూలధనంలోంచి తగ్గించేవాళ్ళం. కంపెనీ పుస్తకాల్లో ఆ ఖాతాకు చోటు లేదు.

డబ్బు మీ చేతికి రావడానికి ముఖ్యంగా నాలుగు దారులున్నాయి. పని చేసినందుకు జీతం. అంగడి గది మీ సొంతమైతే దానికి బాడుగ. మీరు కంపెనీకి అప్పిచ్చి ఉంటే ఆ అసలు, వడ్డీ. లాభంలోంచి డివిడెండ్. ఇవేవీ కాకుండా తీసుకున్నది కంపెనీ మీకు ఇచ్చిన అప్పుగా నిలబడుతుంది. డైరెక్టర్లకు అప్పివ్వడాన్ని కంపెనీల చట్టం 185వ సెక్షన్ కట్టడి చేస్తుంది. ప్రైవేట్ కంపెనీలకు మినహాయింపు ఉన్నా దానికి షరతులున్నాయి. ఆదాయపు పన్ను వైపు ఇంకో దెబ్బ ఉంది: 10 శాతం లేదా అంతకు మించి ఓటు హక్కు ఉన్న వాటాదారుకు ఇలా అప్పిస్తే, కంపెనీలో పోగైన లాభం ఉన్న మేరకు దాన్ని డివిడెండ్‌గా లెక్కగట్టి మీ చేతిలో పన్ను వేస్తారు.

ఒక అంగడిలో సంవత్సరం చివర డైరెక్టర్ ఖాతా తెరిచి చూస్తే 7 లక్షల పైచిలుకు తేలింది. పెద్ద మొత్తం ఒక్కటీ లేదు. బడి ఫీజు, పెళ్ళి చదివింపులు, బండి రిపేరు, వెయ్యి, రెండు వేలు. పెద్దాయన ఆ పేజీ చూసి చాలాసేపు మాట్లాడలేదు. ఆయన తప్పు చేయాలని చేయలేదు, నలభై ఏళ్ళ అలవాటు అది. అందుకే మొదటి నెలనుంచే జీతం ఇంత అని డైరెక్టర్ల బోర్డు తీర్మానం రాసి, నెల నెలా మీ ఖాతాకు బదిలీ చేయించుకోండి. ఇల్లు దాంతో నడవాలి.

వాటా ధనం ఎలా రాయాలి?

అన్నదమ్ములిద్దరు చెరి 5 లక్షలు పెట్టి, రూ. 10 షేర్లు చెరి 50,000 తీసుకున్నారనుకుందాం. బ్యాంకు ఖాతా డెబిట్ 10 లక్షలు, వాటా ధనం ఖాతా క్రెడిట్ 10 లక్షలు. అంతే. అధీకృత మూలధనం, అంటే కంపెనీ షేర్లుగా ఇవ్వగల గరిష్ఠ మొత్తం, 15 లక్షలని కాగితాల్లో ఉన్నా పుస్తకంలోకి వచ్చేది నిజంగా చెల్లించిన 10 లక్షలే.

ఆ డబ్బు కంపెనీ బ్యాంకు ఖాతాలో పడినట్టు చూపి, రిజిస్టర్ అయిన 180 రోజుల్లోగా వ్యాపారం మొదలుపెట్టడానికి ఇచ్చే ఐఎన్‌సీ-20ఏ ఫారం వేయాలి. అది వేయకుండా వ్యాపారం మొదలుపెట్టకూడదు. రేపు మీ బావమరిది రూ. 10 షేరును రూ. 25 చొప్పున 10,000 షేర్లు తీసుకుంటే, లక్ష రూపాయలు వాటా ధనంలోకి, లక్షన్నర సెక్యూరిటీస్ ప్రీమియం ఖాతాలోకి వెళ్తాయి. ఆ ప్రీమియం లాభం కాదు, దాన్ని డివిడెండ్‌గా పంచుకోవడానికి వీల్లేదు.

పాత అంగడిలో ఉన్న సరుకు కంపెనీది అయిపోయినట్టేనా?

దానంతట అది కాదు. అరల్లో సరుకు కదలకపోయినా చేతులు మారినట్టు కాగితం ఉండాలి. ఏ తేదీన, ఏ సరుకు, ఎంత విలువకు, ఏ బాకీలతో సహా కంపెనీకి ఇచ్చారో ఒప్పందం రాసుకోండి. దానికి బదులుగా కంపెనీ డబ్బిచ్చిందా, షేర్లిచ్చిందా, మీకు బాకీ పడిందా అన్నది ఆ కాగితమే చెప్పాలి. పాత జీఎస్టీ నంబరులో మిగిలిన క్రెడిట్‌ను, అంటే కొన్నప్పుడు కట్టి, అమ్మకాల పన్నులో తగ్గించుకోవాల్సిన జీఎస్టీని, కొత్త నంబరుకు మార్చుకోవడానికి వేరే ఫారం ఉంది. అది వేయకుండా పాత రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకుని క్రెడిట్ పోగొట్టుకున్నవాళ్ళను చూశాను.

డెబిట్, క్రెడిట్ ఎప్పుడూ తికమకే. గుర్తుపెట్టుకునే దారి ఏది?

ఇంటర్ కామర్స్‌లో చిట్టా, ఆవర్జా, అంకణా అని చదువుకున్నాం. కౌంటర్ దగ్గర జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ అంటాం. పేరేదైనా సూత్రం ఒకటే: డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో ఒకవైపు, ఎందులోకి వెళ్ళిందో రెండోవైపు. వెళ్ళిన చోటు డెబిట్, వచ్చిన చోటు క్రెడిట్. మోటారు అరువుకు కొన్నారు: సరుకులోకి వెళ్ళింది, కాబట్టి కొనుగోళ్ళు డెబిట్. ఇచ్చింది వ్యాపారి, కాబట్టి అతని ఖాతా క్రెడిట్. కంపెనీ పుస్తకాలు ఈ జంట పద్దు పద్ధతిలోనే ఉండాలనీ, డబ్బు చేతులు మారినప్పుడు కాక అమ్మకం, కొనుగోలు జరిగినప్పుడే రాయాలనీ కంపెనీల చట్టం 128వ సెక్షన్ చెబుతుంది. ఆ పుస్తకాలను, వోచర్లతో సహా, 8 ఏళ్ళు దాచాలి.

సరుకు ధర అంటే బిల్లు మీద ఉన్నదేనా?

కాదు. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు తప్పయితే తర్వాతి లెక్కంతా తప్పే.

కోయంబత్తూరు నుంచి 10 సబ్‌మెర్సిబుల్ మోటార్లు తెప్పించారు. ఒక్కోటి రూ. 20,000, మొత్తం 2,00,000. దాని మీద 18 శాతం ఐజీఎస్టీ (వేరే రాష్ట్రం నుంచి కొంటే పడే జీఎస్టీ) 36,000. లారీ బాడుగ 4,000. దించిన హమాలీలకు 1,000. ఇప్పుడు సరుకు ఖరీదు ఎంత? 2,36,000 అనేవాళ్ళు ఎక్కువమంది. సరైన జవాబు 2,05,000.

జీఎస్టీ మీకు తిరిగి క్రెడిట్‌గా దొరికేది, అది ప్రభుత్వం నుంచి రావాల్సిన బాకీ లాంటిది. కాబట్టి దాన్ని ఖరీదులో కలపకూడదు. బాడుగ, హమాలీ మాత్రం సరుకు మీ గోడౌన్‌కు చేరడానికి అయిన ఖర్చు, అవి కలపాలి. అప్పుడు ఒక్కో మోటారు 20,500 పడింది. అదే మోటారును రైతు పొలానికి ఆటోలో పంపితే ఆ బాడుగ అమ్మకం ఖర్చు, సరుకు ధరలోకి రాదు.

బిల్లులోనే కొట్టేసి రాసిన వర్తక తగ్గింపు పుస్తకాల్లో కనపడక్కర్లేదు, మిగిలిన మొత్తమే కొనుగోలు. వారంలో కడితే 2 శాతం తగ్గిస్తామంటే అది నగదు తగ్గింపు, కట్టిన రోజున విడిగా రాయాలి. పదికి ఒకటి ఉచితం అన్న స్కీముల్లో ఆ పదకొండోది ఊరికే వచ్చిన లాభం కాదు. పదింటి ఖరీదును పదకొండింటికి పంచండి.

ట్రాన్స్‌పోర్ట్ ఏజెన్సీ రసీదు రాసి సరుకు తెచ్చి, బాడుగ మీద జీఎస్టీ వేయకపోతే, కంపెనీ తానే 5 శాతం కట్టి తర్వాత క్రెడిట్ తీసుకోవాలి. పై లెక్క సులువుగా ఉండాలని దాన్ని కలపలేదు.

లాభం వచ్చిందంటున్నారు, మరి గల్లాలో డబ్బు ఏది?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. పై మోటార్లతోనే నెల లెక్క చూద్దాం.

పదిలో 6 అమ్మారు. ఒక్కోటి రూ. 26,000, దాని మీద కేంద్రానికి 9 శాతం, రాష్ట్రానికి 9 శాతం, కలిపి 4,680. రైతు కట్టేది 30,680. నలుగురు నగదు ఇచ్చారు. రాప్తాడు, గార్లదిన్నె నుంచి వచ్చిన ఇద్దరు శెనక్కాయ పంట చేతికొచ్చాక ఇస్తామన్నారు. కోయంబత్తూరుకు ఈ నెలలో 1,50,000 పంపారు.

లాభం చూడండి. అమ్మకం 1,56,000. అమ్ముడైన ఆరింటి ఖరీదు 1,23,000. స్థూల లాభం 33,000. అద్దె, జీతాలు ఇంకా తీయలేదు. జీఎస్టీ 28,080 అమ్మకంలో చేరదు, అది ప్రభుత్వం తరఫున మీరు వసూలు చేసిన డబ్బు.

ఇప్పుడు డబ్బు చూడండి. వచ్చింది 1,22,720. పోయింది కోయంబత్తూరుకు 1,50,000, బాడుగ హమాలీలకు 5,000. అంటే 32,280 తగ్గింది. పుస్తకంలో 33,000 లాభం, చేతిలో 32,280 కరువు. రెండూ నిజాలే.

ఆ లాభం ఎక్కడ కూర్చుందో ఆస్తి అప్పుల పట్టీ చూపిస్తుంది. 10 లక్షల వాటా ధనంతో మొదలుపెట్టారు కాబట్టి బ్యాంకులో మిగిలింది 9,67,720. ఇద్దరు రైతుల బాకీ 61,360. గోడౌన్‌లో నాలుగు మోటార్లు 82,000. జీఎస్టీ క్రెడిట్ 36,000లో 28,080 పోను 7,920. మొత్తం 11,19,000. రెండోవైపు వాటా ధనం 10,00,000, కోయంబత్తూరుకు ఇవ్వాల్సింది 86,000, లాభం 33,000. అదీ 11,19,000.

ఒక్కసారైనా ఈ లెక్కను కాగితం మీద పెన్నుతో వేయండి. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ చూపించే అంకెలకు ప్రాణం అప్పుడొస్తుంది.

మూడు రేట్లకు కొన్న ఒకే సరుకు మిగిలితే ఏ రేటు వేయాలి?

ముందు వచ్చింది ముందు పోయిందనుకునే పద్ధతి, లేదా సగటు ధర పద్ధతి. రెంటిలో ఒకటి ఎంచుకుని ఏటా అదే పాటించాలి. చివర వచ్చింది ముందు పోయిందనే పద్ధతిని మన అకౌంటింగ్ ప్రమాణం ఒప్పుకోదు.

ఇంకో నియమం ఉంది. ఖరీదు, ఇప్పుడు అమ్మితే ఖర్చులు పోను వచ్చే మొత్తం, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే సరుకు విలువ. మూడేళ్ళుగా మూల పడున్న పాత మోడల్ 20,500కు కొన్నా ఇప్పుడు ఖర్చులు పోను 14,000 మాత్రమే వస్తుందంటే 14,000గానే రాయాలి. ఇది రాయడానికి చాలామందికి చేయి రాదు. ధర పెరిగిన సరుకును మాత్రం పెంచి రాయమంటారు. అలా రాయకూడదు, అమ్మేదాకా అది లాభం కాదు.

మార్చి 31న సరుకు లెక్కపెట్టడం అంత ముఖ్యమా? కంప్యూటర్‌లో స్టాక్ ఉంది కదా?

కంప్యూటర్‌లో ఉన్నది మీరు రాసిన స్టాక్. గోడౌన్‌లో ఉన్నది నిజం స్టాక్. ప్రారంభ సరుకుకు కొనుగోళ్ళు కలిపి, ముగింపు సరుకు తీసేస్తే అమ్ముడైన సరుకు ఖరీదు వస్తుంది. ముగింపు సరుకు లక్ష ఎక్కువ రాస్తే లాభం లక్ష పెరుగుతుంది, లేని లాభానికి పన్ను కడతారు. పైగా ఆ తప్పు అక్కడితో ఆగదు. ఈ ఏటి ముగింపే వచ్చే ఏటి ప్రారంభం కాబట్టి మరుసటి ఏడు లాభం లక్ష తగ్గి కనబడుతుంది.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో పైపుల అంగడిలో జరిగింది. మార్చి 31 సాయంత్రం లారీ వచ్చింది. రాత్రికి సరుకు దించాం, లెక్కపెట్టాం, జాబితాలో రాసుకున్నాం. దాని బిల్లు కొరియర్‌లో ఏప్రిల్ 4న చేరింది, నేను ఆ తేదీతోనే కొనుగోలు ఎక్కించాను. సరుకు పాత సంవత్సరంలో, కొనుగోలు కొత్త సంవత్సరంలో. రూ. 2 లక్షల సరుకు ఊరికే వచ్చినట్టయింది, లాభం అంత ఉబ్బింది. ఆడిటర్ గేటు రిజిస్టర్ తెప్పించుకుని లారీ నంబరు పక్కన వేలు పెట్టి చూపించేదాకా నాకు తెలియలేదు. అప్పటినుంచి ఆ రోజు ఆఖరి కొనుగోలు బిల్లు నంబరు, ఆఖరి అమ్మకం బిల్లు నంబరు, దారిలో ఉన్న సరుకు, ఈ మూడూ జాబితా మొదటి పేజీలోనే రాసుకుంటున్నాను.

లెక్కపెట్టే రోజు సాయంత్రం నాలుగుకే అమ్మకం ఆపండి. ఒకరు పిలవాలి, ఇంకొకరు రాయాలి. రోజూ ఆ గోడౌన్ చూసుకునే కుర్రవాడు సాయం చేయాలి గాని, లెక్కపెట్టేది మాత్రం వేరేవాళ్ళు కావాలి. లెక్కైన అరకు సుద్దముక్కతో గీత పెట్టండి. పైపులను కట్టల్లో లెక్కేయకండి, కట్ట విప్పిన చోట తక్కువుంటాయి. రైతు డబ్బు కట్టి ఇంకా తీసుకెళ్ళని మోటారు ఉంటే దాన్ని పక్కకు జరపండి, అది మీది కాదు. రిపేరుకు తయారీ కంపెనీకి పంపిన మీ మోటారు గోడౌన్‌లో కనపడకపోయినా మీదే. చివర ప్రతి పేజీ కింద ఇద్దరి సంతకాలు, తేదీ.

తేడా వస్తే? దొంగతనం, విరిగిపోవడం, తప్పు బిల్లు, ఏదైనా కావచ్చు. పోయిన సరుకు మీద తీసుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను వెనక్కి కట్టాలి. ఉచితంగా పంచిన శాంపిళ్ళకూ అంతే.

పంట వచ్చేదాకా అరువిస్తాం. బాకీలు ఎలా చూసుకోవాలి?

మన జిల్లాలో అరువు లేకుండా మోటార్ల అంగడి నడవదు. జూన్, జూలైలో విత్తు, దసరా దాటాక పంట, ఆ తర్వాతే చేతికి డబ్బు. వాన తప్పితే అది ఇంకో ఏడాది. నేను అరువు మానమని ఎవరికీ చెప్పను. బాకీల వయసు చూడమంటాను. మూడు నెలల లోపు, ఆరు నెలల లోపు, ఏడాది లోపు, ఏడాది దాటినవి అని నాలుగు గడులు గీసి నెలకోసారి పేర్లు రాయండి. ఒకే పేరు నాలుగో గడిలోకి వచ్చిందంటే వెళ్ళి కలవాల్సిన సమయం.

వస్తుందో రాదో తెలియని బాకీలకు సంశయాత్మక బాకీల నిధి కేటాయించాలి, అది ఆ ఏటి ఖర్చు. ఇక రాదని తేలాక పుస్తకంలోంచి రద్దు చేస్తే ఆదాయపు పన్నులో ఖర్చుగా ఒప్పుకుంటారు. జీఎస్టీ మాత్రం తిరిగి రాదు. 30,680 బాకీ మునిగితే అందులో 4,680 మీరు ఎప్పుడో సొంత డబ్బుతో కట్టేశారు. అరువిచ్చేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

వెనక్కి వచ్చిన సరుకు?

అమ్మింది తిరిగొస్తే క్రెడిట్ నోట్ రాయండి, కొన్నది తిప్పి పంపితే డెబిట్ నోట్. పాత బిల్లును కొట్టేయకండి.

క్యూఆర్ కోడ్ మా అబ్బాయి ఖాతాది పెట్టాం. ఇబ్బందా?

వెంటనే తీసేయండి. కంపెనీ అమ్మకం డబ్బు అబ్బాయి ఖాతాలో పడితే బ్యాంకు కళ్ళకు అది అబ్బాయి ఆదాయం, కంపెనీ పుస్తకంలో అమ్మకం బాకీగానే మిగిలిపోతుంది. సుభాష్ రోడ్డు మీద ఏ కౌంటర్ చూసినా స్టిక్కర్లు రెండు మూడు ఉంటాయి. మీ కౌంటర్ మీద ఒక్కటే ఉండాలి, అది కంపెనీ కరెంట్ ఖాతాది. రోజు ముగిశాక యూపీఐ మొత్తం, కార్డు మొత్తం, గల్లా నగదు విడివిడిగా రాసి బిల్లుల మొత్తంతో సరిపోల్చాలి. నెలాఖరుకు బ్యాంకు స్టేట్‌మెంట్‌తో నగదు చిట్టా సరిచూడాలి. కార్డు మిషన్‌లో కోతలు పడతాయి, వాటిని బ్యాంకు ఛార్జీల్లో రాసి అమ్మకాన్ని పూర్తి మొత్తంగానే చూపండి.

నగదు ఎంతవరకు ఇవ్వొచ్చు, ఎంతవరకు తీసుకోవచ్చు?

ఒకరికి ఒక రోజులో 10,000 దాటి నగదుగా ఇచ్చిన ఖర్చును ఆదాయపు పన్నులో ఖర్చుగా ఒప్పుకోరు. లారీ బాడుగకు మాత్రం ఆ హద్దు 35,000. ఒకరి దగ్గర ఒక రోజులో గాని, ఒకే బిల్లుకు విడతలుగా గాని 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదు. తీసుకుంటే అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. 20,000, ఆపైన అప్పు కూడా నగదుగా తీసుకోకూడదు.

తెలిసినవాళ్ళ దగ్గర వడ్డీకి తెచ్చి కంపెనీలో వేయొచ్చా?

సొంత అంగడికి నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి సరుకు నింపడం మనకు మామూలే. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ బయటి వ్యక్తుల దగ్గర అలా తీసుకుంటే అది డిపాజిట్ కిందికి వస్తుంది, చట్టం ఒప్పుకోదు. డైరెక్టర్ గాని, డైరెక్టర్ బంధువు గాని తన సొంత డబ్బు ఇవ్వొచ్చు. అది ఇంకొకరి దగ్గర అప్పు తెచ్చింది కాదని రాతపూర్వకంగా చెప్పాలి. బ్యాంకు దగ్గర తీసుకోవడానికి అడ్డు లేదు. ఏ అప్పైనా చెక్కు ద్వారానో ఆన్‌లైన్‌లోనో రావాలి, అప్పు ఖాతాలోనే నిలవాలి, వాటా ధనంలో కలిసిపోకూడదు.

సరుకు ఇచ్చినవాళ్ళకు ఆలస్యంగా కడితే లెక్కల్లో తేడా వస్తుందా?

వస్తుంది. సరుకు తయారుచేసిన సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ నుంచి కొని ఉంటే, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఒప్పందం ఉంటే అందులో రాసిన గడువులో కట్టాలి. ఆ గడువు ఎట్టి పరిస్థితిలోనూ 45 రోజులు దాటకూడదు. గడువు దాటి, మార్చి 31 నాటికీ కట్టకపోతే ఆ కొనుగోలును ఆ ఏడు ఖర్చుగా ఒప్పుకోరు, నిజంగా కట్టిన ఏడు ఒప్పుకుంటారు. 2023-24 నుంచి ఇది అమల్లో ఉంది. ఇంకో వ్యాపారి దగ్గర కొన్న సరుకుకు ఈ నియమం వర్తించదు. ఎవరిదైనా సరే, 180 రోజుల్లో కట్టకపోతే జీఎస్టీ క్రెడిట్‌ను వెనక్కి ఇవ్వాలి.

అలాగే, సరుకు ఇచ్చినవాళ్ళు తమ రిటర్న్‌లో మీ బిల్లు చూపిస్తేనే క్రెడిట్ మీ జీఎస్టీఆర్-2బీలో, అంటే జీఎస్టీ పోర్టల్ నెలనెలా ఇచ్చే మీ క్రెడిట్ పట్టీలో, కనపడుతుంది. ప్రతి నెలా 14 తర్వాత దాన్ని దించుకుని కొనుగోళ్ళ పుస్తకంతో పోల్చండి. కనపడని బిల్లుకు అప్పుడే ఫోన్ చేస్తే పని జరుగుతుంది, ఏడాది తర్వాత చేస్తే ఫోనే ఎత్తరు.

తరుగుదల ఎంత వేయాలి?

వాడేకొద్దీ వస్తువు విలువ తగ్గడాన్ని ఏటా ఖర్చుగా రాయడమే తరుగుదల. ఏ వస్తువుకు ఎంత ఆయుష్షో కంపెనీల చట్టం రెండో షెడ్యూల్ చెబుతుంది. బిల్లింగ్ కంప్యూటర్‌కు 3 ఏళ్ళు, ఫర్నిచర్‌కు 10 ఏళ్ళు. చివర మిగిలే విలువ మామూలుగా 5 శాతం మించకూడదు. 60,000 కంప్యూటర్‌కు 3,000 వదిలి మిగిలిన 57,000ను మూడేళ్ళకు పంచితే ఏటా 19,000. ఆదాయపు పన్నుకు వేరే రేట్లు, కంప్యూటర్‌కు 40 శాతం, ఫర్నిచర్‌కు 10 శాతం. రెండు పట్టికలు విడిగా ఉంచుకోవాలి.

పన్ను కట్టాక మిగిలింది పంచుకోవచ్చా?

22 శాతం పన్ను దారి ఎంచుకున్న కంపెనీకి సర్‌ఛార్జ్, సెస్ కలిపితే 25.168 శాతం. పన్ను పడే లాభం 6 లక్షలైతే పన్ను 1,51,008, మిగిలేది 4,48,992. ఇది ఆస్తి అప్పుల పట్టీలో రిజర్వులు, మిగులు కింద చేరుతుంది. అందులోంచి బోర్డు సిఫారసు చేసి, వాటాదారుల సమావేశం ఒప్పుకుంటే డివిడెండ్. ప్రకటించిన 5 రోజుల్లో ఆ మొత్తాన్ని విడి బ్యాంకు ఖాతాలో వేసి, 30 రోజుల్లో అందరికీ చెల్లించాలి. డివిడెండ్ ఖర్చు కాదు, లాభంలో వాటా. జీతం ఖర్చు. ఈ తేడాతోనే ఎంత జీతం, ఎంత డివిడెండ్ అని ఆడిటర్‌తో కూర్చుని తేల్చుకోవాలి.

అయితే ఒక్క మాట. పై మోటార్ల లెక్క గుర్తుందిగా, మిగులు ఉన్నంత మాత్రాన డబ్బు ఉన్నట్టు కాదు. సరుకులోనూ బాకీల్లోనూ కూర్చున్న లాభాన్ని పంచడానికి బ్యాంకు దగ్గర అప్పు చేసిన అంగడిని చూశాను. ఆ వడ్డీ కట్టడానికి వాళ్ళకు రెండు సీజన్లు పట్టింది. వాళ్ళ బాధ దగ్గర్నుంచి చూసినవాణ్ణి కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ట్యాలీలో పాత ఎంట్రీ మార్చేస్తే ఎవరికి తెలుస్తుంది?

అందరికీ తెలుస్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో నమోదయ్యే ఎడిట్ లాగ్ ఉండాలి, దాన్ని ఆపడానికి వీలుండకూడదు. అది ఏడాది పొడుగునా పనిచేసిందో లేదో ఆడిటర్ తన నివేదికలో రాయాలి. తప్పు జరిగితే చెరపకండి, సవరణ పద్దు రాసి కింద కారణం రాయండి.

అమ్మకాలు తక్కువే. అయినా ఆడిట్ కావాలా?

కావాలి. కంపెనీకి టర్నోవర్‌తో పని లేదు, అమ్మకం సున్నా అయినా ఆడిట్ తప్పదు. మొదటి ఆడిటర్‌ను రిజిస్టర్ అయిన 30 రోజుల్లో బోర్డు నియమించాలి. వార్షిక సమావేశం సెప్టెంబరు 30లోగా జరగాలి, మొదటి ఏడాదికి కొంచెం ఎక్కువ గడువు ఉంది. సమావేశం అయిన 30 రోజుల్లో ఏడాది లెక్కలు దాఖలు చేసే ఏఓసీ-4 ఫారం, 60 రోజుల్లో వార్షిక రిటర్న్. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు, దానికి పైహద్దు లేదు.

ఉగాదికి కొత్త పుస్తకం తెరిచే ఆచారం మానుకోవాలా?

ఎందుకు మానాలి? కంపెనీ ఆర్థిక సంవత్సరం మాత్రం మార్చి 31తో ముగియాలి. ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. ఆ లెక్కన పోతే ఏడాది 355 రోజులే అవుతుంది. పండగ ఏప్రిల్ 1 కంటే ముందు వచ్చిన ఏడు మా అంగళ్లలో ఆ రోజు పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టి, మొదటి పేజీలో శ్రీ రాసి, పూజ చేసి పక్కన పెడతాం. ఏప్రిల్ 1 ఉదయం అదే పేజీ తెరిచి శ్రీ కింద ముందు రోజు సంతకాలైన జాబితా చూసుకుంటూ రాస్తాం: గల్లాలో ఎంత, బ్యాంకులో ఎంత, గోడౌన్‌లో సరుకు ఎంత, మనకు రావాల్సింది ఎంత, మనం ఇవ్వాల్సింది ఎంత.